యాకయ్య బండి ముల్లు

మార్చి 18, మంగళవారం

మళ్లీ డైరీ మొదలుపెట్టాను. మనుషుల మీద అరిస్తే ఉద్యోగం పోతుంది. నోట్‌బుక్ మీద అరిస్తే ఒక పేజీ పోతుంది, అంతే.

పొద్దున్నే సర్వీస్ టెక్నీషియన్ సదానందం ఫోన్. మా కంపెనీ తయారుచేసే చార్జి మీటర్ బిగించిన బ్యాటరీ ఆటో ఒకటి నిన్న మధ్యాహ్నం కాజీపేట బ్రిడ్జి మీద ఆగిపోయిందట. లోపల తొమ్మిది మంది బడి పిల్లలు. డ్రైవర్ పేరు యాకయ్య, మడికొండ మనిషి. చార్జి ముల్లు సగం మీద ఉండగానే బండి చచ్చిపోయిందని అతని గోల.

సదానందం నిన్ననే అక్కడికి వెళ్లి చూశాడట. ముల్లు కరెక్ట్‌గానే ఉంది, అడుగున ఎర్ర గీత మీద. బ్యాటరీ నిజంగానే ఖాళీ. ఫాల్ట్ రిపోర్ట్‌లో ఏమీ లేదు.

ఆడలేక మద్దెల ఓడు అన్నాను నేను. రాత్రి చార్జింగ్ పెట్టడం మర్చిపోయి ఉంటాడు, పిల్లల తల్లిదండ్రులకు ఏదో ఒకటి చెప్పాలి కదా, మీటర్ మీదికి నెట్టాడు. సదానందం కూడా గంతే మేడమ్, ఇంకేముంటది అన్నాడు. కంప్లెయింట్ క్లోజ్. ఇద్దరికీ కలిపి రెండు నిమిషాలు పట్టింది.

మార్చి 22, శనివారం

మళ్లీ అదే బండి. మళ్లీ మధ్యాహ్నమే. ఈసారి ఫాతిమానగర్ దగ్గర. మళ్లీ ముల్లు సగం మీద ఉండెనట. మళ్లీ సదానందం వెళ్లి చూసేసరికి బుద్ధిగా ఎర్ర గీత మీద ఉంది. రిపోర్ట్‌లో అన్నీ సున్నాలే.

చెకింగ్ ఎలా చేశావని అడిగాను. ఎట్లుంటది మేడమ్, మీరు రాసిచ్చినట్టే అన్నాడు. నేను రాసిచ్చిన షీట్‌లో ఒకటో నంబర్: ముందు తాళం ఆఫ్ చేసి ఆన్ చేయాలి. తర్వాతే లాప్‌టాప్ కేబుల్ పెట్టాలి. రెండేళ్ల కింద బండి ఆన్‌లో ఉండగా కేబుల్ పెడితే లాప్‌టాప్ కాలింది. అప్పటి నుంచి సదానందానికి అది మొక్కు లాంటిది, ఎన్నడూ తప్పడు. ఫోన్ చేసే డ్రైవర్లకు మేం చెప్పే మొదటి మాట కూడా అదే, ఆఫ్ చేసి ఆన్ చెయ్యన్నా అని. సగం కంప్లెయింట్లు దాంతోనే పోతాయి. ఎక్కడికి పోతాయో మేం ఎప్పుడూ అడగలేదు.

రాజేశ్వర్ రావు సార్ ఈ కంపెనీ ఓనర్. సంగతి చెప్తే సార్ నవ్వి, నూటా అరవై బండ్లు తిరుగుతున్నయి, ఒక్కనికే దయ్యం పట్టిందా అన్నారు. నిజమే అనిపించింది.

మార్చి 25, మంగళవారం

యాకయ్య స్వయంగా ఆఫీసుకు వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు, ఇది ఇల్లు కాదన్నా వినలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

ఆరేండ్ల నుంచి బడి పిల్లలను తీస్కపోతున్న బిడ్డా, ఒక్కనాడు లేటు కాలే అన్నాడు. చార్జింగ్ పెట్టకుంట నేనెట్ల పంటా, మా పూలమ్మ పండుకునే ముందు ప్లగ్గు సూస్తది, నేను లేవంగనే సూస్త అన్నాడు. పూలమ్మ అతని భార్య. కొద్ది రోజుల నుంచే గిట్లయితాంది, పొద్దున మంచిగనే ఉంటది, పగటీలి సగం కాడికొచ్చి ముల్లు నిలవడ్తది, ఇగ కదలది, నేను సగం ఉన్నదనుకొని మళ్ల చార్జింగ్ పెట్టకుంటనే పోతా, బండి నడిమిట్ల ఆగుతది అన్నాడు.

నేను చాలా ఓపిగ్గా, అంటే చాలా అహంకారంగా, అర్థమయ్యేట్టు చెప్పాను. అన్నా, ముల్లు వెనక చిన్న మోటర్ ఉంటుంది. దాన్ని తిప్పేది వేలి గోరంత చిప్. నా ప్రోగ్రాం ఒక వైరు మీద దానికి ఆర్డర్లు పంపుతుంది. దానికి ఏదైనా కష్టం వస్తే, వేడెక్కినా, కరెంటు ఎక్కువైనా, ఇంకో వైరు మీద అదే చెప్తుంది. నీ బండి చిప్ ఏ కష్టమూ లేదని చెప్తోంది.

యాకయ్య కాసేపు నా లాప్‌టాప్ వైపు చూశాడు. గది చెప్పింది ఇన్నరు గద మేడమ్, నేను చెప్పేది గూడ జర ఇనుండ్రి అన్నాడు. బిడ్డా పోయి మేడమ్ వచ్చింది. అది గమనించాను, కానీ ఒళ్లు మండిపోయి ఉన్నాను. సరే చూస్తాం అన్నా, ఫికర్ చేయకు అని పంపేశాను.

చూడలేదు.

మార్చి 29, శనివారం

రేపు ఉగాది. వేప పువ్వు కోసం హన్మకొండ అంతా తిరిగి అమ్మ ఉత్త చేతులతో వచ్చింది. కావాలంటే మా ఆఫీసు నుంచి చేదు తెచ్చిస్తానన్నాను.

ఏప్రిల్ 2, బుధవారం

మూడోసారి. ఈసారి రైల్వే గేటు దగ్గర, పిల్లలు అరగంట ఎండలో నిలబడ్డారు. ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోతే పక్క హోటలాయన నీళ్లు చల్లి లేపాడట. సదానందం వెళ్లి షీట్ ప్రకారం చూస్తే మళ్లీ అన్నీ సున్నాలే. తల్లిదండ్రులు బడి మీదికి వెళ్లారు. బడి నడిపే కరస్పాండెంట్ సార్ యాకయ్యను పిలిచి, తప్పు మీటర్‌ది అంటున్నవు కదా, కంపెనీ నుంచి కాగితం తే, లేకుంటే సోమవారం నుంచి వ్యాన్ పెట్టుకుంటం అన్నారట.

యాకయ్య నాలుగింటి నుంచి మా మెట్ల మీద కూర్చున్నాడు. రాజేశ్వర్ రావు సార్ రెండు నిమిషాల్లో లెటర్ టైప్ చేయించారు. ఇంగ్లీషులో. మూడుసార్లు పరీక్షించాం, మీటర్‌లో ఫాల్ట్ నిల్, వాడకంలో లోపం కావచ్చు. కింద టెక్నికల్ ఇన్‌చార్జి అని నా పేరు.

సంతకం పెట్టాను. రిపోర్ట్‌లో సున్నా ఉన్నప్పుడు సున్నా అని రాయడంలో తప్పేముంది?

కవర్ తీసుకెళ్లి యాకయ్య చేతికి నేనే ఇచ్చాను. తీసి చూశాడు, మొత్తం ఇంగ్లీషు. కింద కంపెనీ స్టాంపు చూసి అతని ముఖం విప్పారింది. సల్లగుండు బిడ్డా అని కవర్‌ను కళ్లకద్దుకున్నాడు. తన వైపే రాశామనుకున్నాడు. అది నాకు తెలుసు. నోటి దాకా వచ్చింది, చెప్పలేదు. లిఫ్ట్ దాకా వెళ్లి మళ్లీ తిరిగి చూసి దండం పెట్టాడు.

ఏప్రిల్ 3, గురువారం

కవర్ ఇచ్చుంటాడు.

ఏప్రిల్ 5, శనివారం

పూలమ్మ వచ్చింది. యాకయ్య రాలేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుని తెచ్చింది. నా టేబుల్ మీద పరిచి, ఇందుల ఏమున్నదో తెలుగుల చదువు బిడ్డా అంది.

చదివాను. నా గొంతు నాకే రోత పుట్టింది.

పూలమ్మ అరవలేదు, అరిస్తే బాగుండేది. బడి సార్ అందరి ముందట చదివి ఇనిపిచ్చిండట, మీటర్ కంపెనీయే నిన్ను అబద్ధమాడినవని రాసింది గదనయ్యా అన్నడట, గా కాగితం తీస్కపోయింది మా ఆయన చేతులతోటే గదా అంది. రెండు రోజుల నుంచి బువ్వ తింటలేడు, బండి తీస్తలేడు, నేనే మరిసిపోతున్ననేమో పూలమ్మా అని నన్నడుగుతాండు, ఆయన ప్లగ్గు పెట్టంగ నేను రోజు సూసిన బిడ్డా, నేను గూడ అబద్ధమాడుతున్ననా అని అడిగింది.

ఏం చెప్పాలి? చిప్ చెప్పింది అని చెప్పాలా? సోమవారం నేనే వస్తాను, బండి ఎప్పటిలాగే బడి ముందు పెట్టమని చెప్పు అన్నాను. ఇగ బడి ముందట ఎందుకు, పిల్లలు సోమవారం సంది వ్యాన్ల పోతరట అంది. అయినా పెట్టమన్నాను. అడ్డంగా వాదించడానికి ఈ నెలలో నాకు దొరికిన మొదటి మంచి సందర్భం అది.

ఏప్రిల్ 7, సోమవారం

ఒంటిపూట బడి పన్నెండున్నరకు వదులుతారు. యాకయ్య పన్నెండుకే వచ్చి బండి గేటు ముందు నిలబెడతాడు, ఆలస్యమైతే పిల్లలు రోడ్డు మీదికి వస్తారని. అక్కడ నీడ లేదు. ఉన్న నీడంతా కార్లవాళ్లది. ఒంటిపూట బడులు మార్చి పదిహేనున మొదలయ్యాయి. మొదటి కంప్లెయింట్ పదిహేడున. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలని మూడు వారాలుగా నాకు తోచలేదు. ఏసీ గదిలో కూర్చుని కోడ్ రాసేవాళ్లకు ఎండ గురించి ఎందుకు తోస్తుంది?

డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేకపోయాను. నల్ల ప్లాస్టిక్, పెనం లాగా కాలింది.

ముల్లు సగం మీద ఉంది. సదానందాన్ని వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాం. యాకయ్య నా వైపు తిరగకుండా నడిపాడు. కాజీపేట, మడికొండ, మళ్లీ కాజీపేట. ముల్లు సగం మీదే. గంట తర్వాత కూడా సగం మీదే. బండి నెమ్మదించింది, ఆగింది. ముల్లు సగం మీదే.

యాకయ్య బండి దిగి రోడ్డు పక్కకు పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

సదానందం అలవాటుగా తాళం మీద చెయ్యి వేశాడు. ఆపు అని అరిచాను. మేడమ్ లాప్‌టాప్ కాల్తది అన్నాడు. కాలనీ అన్నాను. తాళం ముట్టకుండానే కేబుల్ పెట్టి చిప్‌ను అడిగాను. ఓవర్ టెంపరేచర్: 1.

ఒకటి! సదానందం కూడా చూశాడు. ఫోటో తీద్దామని ఫోన్ తీస్తూ, సరిగ్గా కనిపించాలని ఇంకోసారి రీడ్ నొక్కాను.

0.

మళ్లీ నొక్కాను. 0. పదిసార్లు నొక్కాను. ముల్లు ఇంకా సగం మీదే చచ్చి పడి ఉంది, చిప్ మాత్రం అంతా కుశలమే అంటోంది. సదానందం నా వైపు చూసి, ఒకటేనా మేడమ్, మనం సక్కగ సూసినమా అన్నాడు. యాకయ్య పూలమ్మను అడిగింది కూడా ఇదే కదా.

ఏప్రిల్ 8, మంగళవారం, ఉదయం 11:40

చిప్ తయారుచేసినవాళ్లు ఇచ్చే డేటాషీట్, ఇరవై మూడో పేజీ, టేబుల్ కింద, చీమ తలకాయంత అక్షరాల్లో. ఫాల్ట్ వస్తే చిప్ దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. ఒక్కసారి చదవగానే చెరిపేస్తుంది.

ఒక్కసారే చెప్తుంది. విన్నవాడికి విన్నంత. ఇంత ముఖ్యమైన ముక్కను టేబుల్ కింద దాచినవాడిని తీసుకొచ్చి ఏప్రిల్‌లో కాజీపేట బడి ముందు నిలబెట్టాలి.

అదే రోజు, మధ్యాహ్నం 3:15

తిట్టాల్సింది వాణ్ణి కాదు.

ఈ చిప్‌కి ఒక అలవాటుంది. ఇప్పుడు అడిగినదానికి ఇప్పుడు జవాబివ్వదు. రెండోసారి అడిగినప్పుడు మొదటిదానికి జవాబిస్తుంది. మా మేనత్త లాగా. కాబట్టి తాళం తిప్పగానే వచ్చే మొట్టమొదటి జవాబు నా ప్రశ్నకు జవాబు కాదు. మూడేళ్ల కింద ఈ ప్రోగ్రాం రాసేటప్పుడు అది చూసి చిరాకు పడి, ఒక లైన్ రాసి, పక్కన కామెంట్ పెట్టాను. ఫస్ట్ రిప్లై జంక్, ఇగ్నోర్. కింద నా పేరు, తేదీ, చివర ఒక నవ్వు బొమ్మ కూడా.

అది జంక్ కాదు. చిప్‌కు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి వెళ్తుంది, తాళం తీసినా దాని జ్ఞాపకం పోదు. అంతకుముందు జరిగిందంతా ఆ మొదటి జవాబులోనే చెప్తుంది. చెప్పేశాను కదా అని చెరిపేస్తుంది. నేను దాన్ని వినకుండా పారేసి, రెండోసారి అడిగి, అన్నీ సున్నాలు అని రాసుకుంటాను. పైగా బండి నడిచేటప్పుడు అసలు అడగనే అడగను, అడిగితే ముల్లు కొంచెం వణుకుతోందని, ముల్లు నున్నగా తిరగాలని సార్ అన్నారని, తాళం తిప్పినప్పుడు ఒక్కసారి చాల్లే అనుకున్నాను.

అంటే జరిగింది ఇది. ఎండకు చిప్ వేడెక్కి దుకాణం మూసేసింది. ముల్లు ఉన్నచోటే ఆగిపోయింది. తాళం మళ్లీ తిప్పేదాకా అది దుకాణం తెరవదు. సదానందం వచ్చి, నేను రాసిచ్చిన షీట్ ప్రకారం, తాళం ఆఫ్ చేసి ఆన్ చేశాడు. చిప్ నిజం చెప్పింది. నా లైన్ దాన్ని పారేసింది. ముల్లు కదిలి సరైన చోటికి దిగింది. నేను సున్నా అని సంతకం పెట్టాను.

మూడుసార్లు చెప్పింది. చిప్ కూడా, యాకయ్య కూడా.

ఏప్రిల్ 9, బుధవారం

రాజేశ్వర్ రావు సార్‌కు అంతా చూపించాను. అర్థం చేసుకున్నారు, తెలివితక్కువ మనిషి కాదు. అర్థం చేసుకుని తలుపు వేశారు. సాఫ్ట్‌వేర్ సరిచెయ్, సర్వీస్‌కు వచ్చిన బండికి వచ్చినట్టు చప్పుడు కాకుండా ఎక్కించు అన్నారు. బడికి ఇంకో లెటర్ ఇద్దాం సార్ అన్నాను. కంపెనీ కాగితం మీద మన తప్పని రాస్తే రేపు నూటా అరవై మంది మెట్ల మీద కూర్చుంటరు అన్నారు. మరి యాకయ్య? కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా, ఆయన మళ్ల రానే రాలేదు గదా అన్నారు.

రాకపోవడం కూడా సార్‌కు ఫాల్ట్ నిల్ కిందే లెక్క.

కోపంతో ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను. అమ్మ కూర గిన్నె నా ముందు పెట్టి, నీ కోపమంత నీ మీదనేనాయె, నన్నెందుకు అంటవు అంది.

ఏప్రిల్ 10, గురువారం

తెల్ల కాగితం. తెలుగులో. నా చేతిరాత ఇంత ఘోరంగా ఎప్పుడైందో తెలియదు. రెండో తేదీన నేను సంతకం చేసిన లెటర్ తప్పు. యాకయ్య చెప్పింది నిజం. ముల్లు నిజంగానే ఆగింది. ఆగిందని మీటర్ చెప్పినా వినకుండా చేసిన ప్రోగ్రాం నాది. ఆయన చార్జింగ్ పెట్టాడు, ఆయన భార్య చూసింది. పేరు, ఫోన్ నంబర్, సంతకం. స్టాంపు లేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

బడి కరస్పాండెంట్ సార్ కాగితాన్ని రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీసి, యాకయ్య నోటితోని చెప్పిండు, కాగితం తెమ్మన్న, కాగితం తెచ్చిండు, దాన్ని నమ్మి ఆయన్ను పంపిచ్చిన, ఇప్పుడు మీరొచ్చి గా కాగితం కాదు గీ కాగితమంటున్నరు, ఇంతకు నేను దేన్ని నమ్మాలె మేడమ్ అన్నారు.

నేను లాప్‌టాప్ తెరిచి చిప్, ఫాల్ట్, రీడ్ అని మొదలుపెట్టాను. చేత్తో సైగ చేసి మూసేయమన్నారు. గిదంత యాకయ్య నాకు ఒక్క మాటల చెప్పిండు, ముల్లు నిలవడ్తాంది సార్ అని, మనిద్దరం సదువుకున్నోళ్లం, మనకే అర్థం కాలే అన్నారు. మనిద్దరం అన్నందుకు కృతజ్ఞతగా అనిపించింది. ఆయన ఒక్కరైనా ఈ తప్పు పంచుకున్నారు.

వ్యాన్‌వాడు ఇరవై రెండు మందిని కుక్కుతున్నాడని తల్లిదండ్రులు ఎలాగూ గొడవ పెడుతున్నారట. బుధవారం నుంచి యాకయ్యను రమ్మంటానన్నారు. నా కాగితం ప్రార్థన దగ్గర చదివిస్తానన్నారు. చదివించండి అన్నాను.

ఏప్రిల్ 12, శనివారం

రాజేశ్వర్ రావు సార్‌కు తెలిసింది. అరగంట తిట్టారు. ఉద్యోగం తీయలేదు. ఆ ప్రోగ్రాం నాకు తప్ప ఎవరికీ తెలియదు, ఆయనకు అది తెలుసు. నూటా అరవై మంది డ్రైవర్లకూ ఫోన్ చేసి బండ్లు తెప్పించాలన్నాను. సార్ కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి పోయి, కానియ్ అన్నారు.

ఏప్రిల్ 15, మంగళవారం

కొత్త సాఫ్ట్‌వేర్ మొదట యాకయ్య బండికే. వాళ్లింటికే వెళ్లాను. ఇప్పుడు బండి నడిచినంతసేపూ చిప్‌ను అడుగుతూనే ఉంటాను, మొదటి జవాబు కూడా వింటాను. చిప్ వేడెక్కి మూసుకుంటే ఎర్ర లైటు వెలుగుతుంది, చల్లబడగానే ముల్లు దానంతటదే మళ్లీ కదులుతుంది. ముల్లు కొంచెం వణుకుతుంది. వణకనీ.

ఇదంతా చెప్పి, తప్పు నాదే అన్నా, క్షమించు అన్నాను. పూలమ్మ చాయ్ పెట్టింది. యాకయ్య, అయ్యో గంత మాటెందుకు మేడమ్ అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కానీ మేడమ్ అనే అన్నాడు.

ఏప్రిల్ 23, బుధవారం

బడికి ఆఖరి రోజు. గేటు దగ్గర కలిశాను. వారం నుంచి ఒక్కసారి కూడా ఆగలేదట. పిల్లలు ఎక్కేలోపు చిప్ స్టేటస్ చదివాను, ముల్లు చూశాను, రెండూ కరెక్ట్. మీటర్ ఎట్లా ఉందన్నా అని అడిగాను. యాకయ్య జేబులోంచి చిన్న కాగితం తీసి, ఎక్కడి నుంచి ఎక్కడికి ఎన్ని కిలోమీటర్లు అయ్యాయో, చార్జి ఇంకెంత ఉంటుందో పెన్సిల్‌తో లెక్క రాసుకుంటూ, అది మంచిగనే సూపిస్తాంది మేడమ్, నేనే సూస్తలేను అన్నాడు.